ఫ్యాను బిగించే చోటులేని లైబ్రరీ

ఈ సంగతి అప్పుడే రాసి పెట్టుకోవాలనిపించింది కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. జుట్టు తెల్లబడ్డాక రాయపూర్‌లో పెద్దవాళ్ల బడికి వెళ్తే అక్కడ హిందీ నేర్పారు. తెలుగు ఆ తర్వాత, పాత వాచకం ముందేసుకుని నేనే కూడబలుక్కున్నాను.

రైల్వేలో పనిచేసిన మా ఆయన పోయాక గుఢియారీ పేటలో, రైలు పట్టాల పక్కనున్న ఇంట్లో నేనూ మా అమ్మాయీ మిగిలాం. తను ముందుగదిలో కంప్యూటర్ దగ్గర కూర్చునేది. అందులో ఎక్కడెక్కడి వాళ్లతోనో ఉత్తరాలు నడిచేవి. నాతో మాత్రం అన్నం వేళ రెండు మాటలు. పట్టాల మీద బండి పోతుంటే ఇంట్లో ఎవరో మాట్లాడుతున్నట్టుండేది.

ఏం చేస్తున్నావని ఒకసారి అడిగితే చెప్పింది. ప్రోగ్రాములు రాసేవాళ్లకు పదేపదే కావలసిన పనుల్ని కొందరు ముందే రాసి ఒకచోట ఉంచుతారట. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చట. దాన్ని లైబ్రరీ అంటారట. తనూ అలాంటిదొకటి రాస్తోందట. అది మరీ పెద్దదైపోయింది, ఇక ట్యూషన్లు చెప్పుకుంటూ చేసే పని కాదట. అది పూర్తయ్యే ఏడాదిపాటు ఇల్లు గడిచే దారి దొరక్కపోతే దాన్ని వదిలేసి హైదరాబాద్‌లో ఉద్యోగానికి పోవాలట.

ఇక్కడి మన తెలుగు సంఘం వాళ్లు డబ్బు ఇస్తారేమోనని నేనే వెళ్లి అడిగాను. లైబ్రరీ అనగానే సంబరపడ్డారు. ఆదివారం సాయంత్రం సంఘం పెద్దాయన ఇంకొకాయన్ని వెంటబెట్టుకుని వచ్చారు. చేతిలో కొత్త ఫ్యాను, రెక్కల మీద ఎర్ర రంగుతో ఆ పెద్దాయన నాన్నగారి పేరు.

"పుస్తకాలేవమ్మా?"

"అంతా ఇందులోనే ఉందండీ," అని అమ్మాయి కంప్యూటర్ చూపించింది.

"ఇందులోనా? మరి ఈ పంఖా ఎక్కడ బిగించమంటావు, నీ నెత్తిమీదా?"

వెంట వచ్చినాయన నవ్వాడు. "అందరికీ ముఫ్త్‌లో ఇచ్చేదానికి మన చందా ఎందుకు బాబాయ్?"

"ఊరికే ఇచ్చేది కాబట్టేనండీ. అమ్ముకునేదాన్నయితే మిమ్మల్ని అడుగుతామా?" అంది అమ్మాయి.

"అదీ నిజమే తల్లీ. కానీ పేరెక్కడ రాస్తావు? మీటింగులో నేనేటి చూపించను?" అన్నారు పెద్దాయన.

పేరు ఆ ప్రోగ్రాముల లోపలే రాస్తానంది అమ్మాయి. లోపల రాస్తే ఎవరు చూస్తారన్నారు. టీ తాగి, ఫ్యాను పట్టుకుని వెళ్లిపోయారు.

"రేపు హైదరాబాద్ వాళ్లకి వస్తానని చెప్పేస్తానమ్మా," అంది అమ్మాయి. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది, కాసేపు మాట్లాడుకునేవాళ్లం.

మర్నాడు తను లేవకముందే స్టేషన్ వైపు పాన్ డబ్బా కొట్టు అతని దగ్గరికి వెళ్లాను. ఆ చుట్టుపక్కల అద్దె గదులు చూపించేది అతనే. ఏడాదికి నేను పడుకునే నడిమి గది కిరాయికి ఇస్తానని, నర్సులైతే మంచిదని చెప్పాను.

"ఔర్ ఆప్ కహాఁ సోయేంగీ, అమ్మా?" మరి నేనెక్కడ పడుకుంటానని అతని అనుమానం.

"వంటింట్లో," అన్నాను.

ఇంటికొచ్చి నా మంచం అటు ఈడ్చుకున్నాను.