గంట కింద వెచ్చటి చోటు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. గుంటూరు హాస్టల్లో అమ్మాయిలు గుంపుగా కూర్చుని దయ్యం కథలు చెప్పుకుంటుంటే, దుప్పటి ముసుగుతన్ని హాయిగా నిద్రపోయిన రకాన్ని. పైగా సివిల్ ఇంజనీర్ని. గోడ బీటలిస్తే కారణం వెతుకుతాను గానీ దిష్టి తగిలిందనుకోను.

క్రైస్ట్‌చర్చ్ భూకంపం తర్వాత న్యూజిలాండ్ అంతటా పాత కట్టడాల గట్టిదనం చూడటం మొదలైంది. నేను ఆక్లాండ్‌లో చదువు ముగించి, మౌంట్ ఆల్బర్ట్‌లో ఫ్లాట్ తీసుకుని, ఒక చిన్న ఇంజనీరింగ్ ఆఫీసులో కుదురుకున్న రోజులవి. ఒక చలికాలం ఆక్లాండ్‌కి దక్షిణాన పాపకూర అనే ఊరి అవతల ఉన్న పాత చర్చి పని నాకు అప్పజెప్పారు.

ఇంగ్లండ్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు కట్టుకున్న చర్చి అది. వాళ్ల మనసులో ఉన్నది సొంతూరి రాతి చర్చి, చేతికి దొరికింది కౌరీ కలప. బాగా ఏటవాలు కప్పు, కొసదేరిన సన్నటి కిటికీలు, తూర్పున ఆల్టర్, పడమట గుమ్మం మీద గంట గోపురం, అన్నీ అక్కడి పద్ధతే. రాయి ఒక్కటే లేదు. నిలువు దుంగలు బయటికి కనిపిస్తాయి, పలకలేమో లోపలివైపు బిగించి ఉంటాయి. చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టుంటుంది. చూడగానే నాకు నచ్చేసింది.

గోపురం కింది స్తంభాలు మాత్రం పుచ్చిపోయి కనిపించాయి. అడుగున కూడా అలాగే ఉంటే గోపురాన్ని దించెయ్యక తప్పదని మా ఆఫీసు అభిప్రాయం. చర్చి తాళాలు తెచ్చే జీన్ అనే పెద్దావిడకి ఆ మాట మింగుడు పడలేదు. అక్కడ అందరూ ఆవిణ్ని పేరుతోనే పిలుస్తారు. నాకు నోరు రాక ఆంటీ అనేదాన్ని. రోజూ ఫ్లాస్కులో టీ తెచ్చి, గోపురం ఉంటుందా అని అడిగేది. నేను మాట దాటేసేదాన్ని.

మొదటి రోజే గుమ్మం బయట బూట్లు విప్పేశాను. గుడైనా చర్చయినా మావైపు చెప్పులు బయటే. ఆంటీ నవ్వి, చలికి కాళ్లు కొయ్యబారతాయమ్మా అంది. కొయ్యబారాయి కూడా.

గోపురం కింద ఒక్క చోట తప్ప. అక్కడ సాక్సుల్లోంచి వెచ్చగా తగిలింది, ఎవరో అప్పుడే లేచి వెళ్లిన కుర్చీలా. పక్కకి అడుగేస్తే మళ్లీ మంచులా చల్లన. అరచెయ్యి ఆనిస్తే చల్లగానే ఉంది. వేడి కొలిచే మీటరు పెడితే మిగతా నేల ఎంత చూపించిందో అక్కడా అంతే చూపించింది. అరికాళ్లకి మాత్రం వెచ్చన.

కింద వైరేదైనా కాలుతోందేమోనని భయపడి నేల పలక లేపించాను. వైరూ లేదు, పైపూ లేదు, పొడి మట్టి. కానీ టార్చి వేసి చూస్తే, గోపురం బరువు మోస్తున్నవి మేమనుకున్న స్తంభాలు కావు. లోపలివైపు టోటారా అనే గట్టి కలప దుంగలు, లావుపాటివి, నిక్షేపంలా ఉన్నాయి. పుచ్చినవి తర్వాతెప్పుడో అందానికి పెట్టినవి. గోపురం ఉంటుందని ఆంటీకి చెప్పాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది. నాకు కడుపు నిండినట్టయింది.

పలక బిగించగానే ఆ వెచ్చదనం మళ్లీ వచ్చింది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "రేపట్నుంచి బూట్లు వేసుకో, దయ్యం అదే పోతుంది" అన్నాడు.

చివరి రోజు ఆంటీకి ఆ చోటు చూపించాను. ఆవిడ బెంచీ మీద కూర్చుని నెమ్మదిగా బూట్లు విప్పుకుని, వచ్చి నిలబడింది. కాలు పక్కకి జరిపి, మళ్లీ అక్కడికే తెచ్చుకుంది. తర్వాత తలెత్తి, పైన గంట తాడు దిగే కన్నం చూపించింది. ఆవిడ భర్త ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం అక్కడే నిలబడి గంట కొట్టేవాడట. అంతకు ముందు ఏడే చనిపోయాడట.

పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది, పలక ఇంకోసారి తీయిస్తాను, ఆ వేడి ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెడదాం అన్నాను.

"వద్దమ్మా," అంది ఆంటీ. "కనిపెడితే బాగుచేసేస్తారు."

ఆ రోజు టీ ఆవిడ అక్కడే నిలబడి తాగింది. నేను రిపోర్టులో ఆ సంగతి రాయలేదు. రాయాలన్నా ఏమని రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.