బండి ఎక్కడ పెడతారు?

కాడుగోడి మెట్రో స్టేషన్ వెనక సందుల్లోకి నన్ను పంపింది నా చదువు చూసి కాదు, నా తెలుగు చూసి. ఎలక్ట్రిక్ బండ్లకు ఛార్జింగ్ స్టేషన్లు నగరంలో ఎక్కడెక్కడ రావాలో ప్రభుత్వానికి ప్రణాళిక రాసివ్వడం మా ఆఫీసు పని. ఆ సందుల్లో ఉండే ఆటోవాళ్లలో చాలామంది అనంతపురం, మదనపల్లె వైపు నుంచి ఈ కన్నడ నగరానికి వచ్చినవాళ్లు. మాది హిందూపురం. మీవాళ్లే కదా, నువ్వే వెళ్లి అడుగు అన్నాడు మా మేనేజరు.

అడగాల్సిన ప్రశ్నలు బారెడున్నా అసలైనది ఒకటే. రాత్రిపూట బండి ఎక్కడ పెడతారు? ఇంటి దగ్గర చోటున్నవాళ్లు ఇంట్లోనే ఛార్జింగ్ పెట్టుకుంటారు కాబట్టి ఆ వీధికి స్టేషన్ అక్కర్లేదు. రోడ్డు మీద పెట్టేవాళ్లు ఎక్కువుంటే అక్కడ కావాలి. ఇందులో తికమక ఏమీ లేదు.

అడిగిన ప్రతి మనిషీ ఇంటికాడే అన్నాడు. నేను నిలబడ్డ సందులో ఎదురెదురుగా రెండు సైకిళ్లొస్తే ఒకటి వెనక్కి పోవాలి. రేకుల ఇళ్లు, గడప దిగితే మురిక్కాలవ. ఆటో ఏ ఇంట్లో పెడతారయ్యా, వంటింట్లోనా అని అడిగాను. నవ్వారు కానీ మాట మార్చలేదు. నాకు ఒళ్లు మండింది.

నేను సర్దుకుని బయల్దేరుతుంటే ఒక పెద్దాయన పక్కకొచ్చాడు. కొత్తగా ఎలక్ట్రిక్ ఆటో కొన్నది ఆ సందులో ఆయనొక్కడే. మేమందరం మెయిన్ రోడ్డు గోడ పక్కనే పెడతామమ్మా అన్నాడు. ఆ మాట సర్కారుకు చెబితే మర్నాడే ట్రాఫిక్ పోలీసుల టోయింగ్ బండి వచ్చి ఆటోలు ఎత్తుకుపోతుందని వాళ్ల భయం. తన కష్టం కూడా చెప్పుకున్నాడు. ఛార్జింగ్ కోసం రోజూ దూరం పోయి, సవారీలు దొరికే వేళంతా లైన్లో కూర్చోవాలి. ఇట్లాగే సాగితే ఆటో వదిలేసి మళ్లీ సిమెంటు పనికి పోవాల్సిందే, దానికి నడుము సాయం రావడం లేదు. స్టేషనొకటి మా పక్కకు వచ్చేట్టు చూడమ్మా అన్నాడు. చూస్తానన్నాను.

మేనేజరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వాళ్లు చెప్పింది సమాచారం, నువ్వు చూసింది అభిప్రాయం అన్నాడాయన. మనిషి చెడ్డవాడేం కాదు, ఆ మాట మనసారా నమ్ముతాడు. మా ఆఫీసున్న హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోనూ ఇదే ప్రశ్న అడిగాం. గేట్లూ గ్యారేజీలూ ఉన్న ఇళ్లవాళ్లు కొంచెం కూడా తడుముకోకుండా, మాకు కార్లు ఎక్కువ, రోడ్డు మీదే పెడతాం అన్నారు. వాళ్లకు ఎవరి భయం? మ్యాపులో హెచ్‌ఎస్‌ఆర్ నిండా ఛార్జింగ్ గుర్తులు పడ్డాయి, కాడుగోడి సందులకు మాత్రం ఇంటి వద్దే సౌకర్యం ఉన్నట్టు ఆకుపచ్చ రంగు వేశారు. ఆ రంగు చూస్తే ఏడుపొచ్చింది.

ఇక మిగిలింది ప్రజాభిప్రాయ సభ ఒక్కటే. అక్కడ డ్రైవరే నోరు తెరిచి చెబితే అధికారులు రాసుకోక తప్పదు. పెద్దాయన దగ్గరికి వెళ్లి బతిమాలాను. చాలాసేపు ఆలోచించి సరేనన్నాడు. సభనాడు ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని, నుదుట విభూతి పెట్టుకుని, నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. ఆయన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

వేదిక మీద కరెంటువాళ్లు, రవాణావాళ్లు కూర్చున్నారు. చివరి కుర్చీలోకి ట్రాఫిక్ పోలీసు అధికారి వచ్చి, టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆయనా వస్తాడని నాకు తెలియదు. పెద్దాయన ఆ టోపీనే చూస్తూ ఉండిపోయాడు. ఆయన వంతు వచ్చినప్పుడు పెద్ద అధికారిణి ఎంతో మర్యాదగా, బండి ఎక్కడ పెడతారని కన్నడంలో అడిగింది. ఆయన లేచి చేతులు కట్టుకుని, మంచి కన్నడంలో, ఇంటి దగ్గరే మేడమ్, అక్కడే ఛార్జింగ్, ఏ ఇబ్బందీ లేదు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

బయటికొచ్చాక, ఏందన్నా ఇది అన్నాను. ఆయన నా ముఖం చూడలేదు.

"ఛార్జింగు ఎప్పుడో వచ్చేదమ్మా. రోడ్డు నాకు ఈ పొద్దే కావాల."

బస్సులో ఇంటికి పోతూ ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆయన తప్పు ఏముంది? గోడ పక్క ఆ జానెడు చోటు పోతే బండే పోతుంది. అధికారిణి తప్పు అందామంటే, పాపం, అడగాల్సింది అడిగింది.

ప్రణాళిక నున్నటి కాగితం మీద అచ్చయింది. ఇంటి వద్ద ఛార్జింగ్‌తో సంతృప్తిగా ఉన్న డ్రైవర్ అని పెద్దాయన మాట అందులో వేశారు. కాడుగోడి సందులకు ఒక్క స్టేషన్ కూడా రాలేదు. ఆ ప్రణాళికను మళ్లీ తెరిచేది ఎప్పుడని అడిగితే, ఇప్పట్లో లేదన్నారు.

కొన్నాళ్లకు ఆయనే ఫోన్ చేశాడు. వెనక సిమెంటు కలిపే మిషను చప్పుడు. బండి అమ్మేశానని ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. మా సందులో ఇంకా ఇద్దరు పిల్లోళ్లు ఎలక్ట్రిక్ ఆటో కొనాలని చూస్తుండారు, మళ్లీ అడిగేదానికి మీవాళ్లు ఎప్పుడొస్తారమ్మా అన్నాడు.

"వస్తే ఈసారి ఏం చెప్తారన్నా?"



"ఇంటికాడే అని చెప్తారమ్మా. ఇంకేం చెప్పేది?"