పప్పుల సీసాలో లద్దె పురుగు

ఆమె పురుగుమందుల దుకాణంలో తొమ్మిదేళ్లుగా కౌంటరు దగ్గర పనిచేస్తోంది. రైతులు అగ్గిపెట్టెల్లో పురుగుల్ని తెచ్చి చూపిస్తే, యజమాని చెప్పిన డబ్బా తీసివ్వడమే ఆమె పని. ఆ పురుగుల పేర్లేమిటో ఆమెకు తెలియదు.

ఒకసారి సొంత మేనమామే వచ్చాడు. క్యాబేజీ ఆకులు జల్లెడలా అయిపోతున్నాయన్నాడు. యజమాని ఊళ్లో లేడు. ఆమె చేతికందిన మందు ఇచ్చింది. మామ మూడుసార్లు కొట్టినా పురుగు చావలేదు, పంట చేతికి రాలేదు. తిట్టిపోస్తాడనుకుంది.

"నీ తప్పేముందిలే తల్లీ. అదేం పురుగో నీకూ తెలీదు, నాకూ తెలీదు," అన్నాడాయన.

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. మర్నాడే మామ పొలానికి వెళ్లి వెతికింది. ఒక ఆకు అడుగున గోధుమరంగు నూగు కప్పుకున్న గుడ్ల ముద్ద దొరికింది. దాన్ని తెచ్చి, అడుగున మట్టి పోసిన గాజు సీసాలో పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టింది. పప్పులు పోసుకునే సీసాలో పురుగులేమిటని అత్తగారు సణిగింది గానీ, వారం తిరక్కుండా ఆవిడే వాటికి ఆకులు వేయసాగింది.

నాలుగో రోజుకి గుడ్లు పగిలాయి. పిల్ల పురుగులు గుంపుగా ఒకే ఆకు మీద పడి పచ్చదనమంతా గీకేశాయి. పెరిగాక వేటికవి విడిపోయి, పగలంతా మట్టిలో దాక్కుని, పొద్దుగూకాకే పైకొచ్చాయి. మామ పొద్దున్నే కొట్టిన మందు వాటికెందుకు తగల్లేదో అప్పుడర్థమైంది. మూడో వారానికి మట్టిలోనే ఎర్రటి గూళ్లుగా బిగుసుకున్నాయి. మరో పది రోజులకు రెక్కల పురుగులు బయటికొచ్చాయి. ముందు రెక్కలు గోధుమరంగు, వాటి మీద అడ్డదిడ్డంగా తెల్లగీతలు. వెనక రెక్కలు తెల్లన.

"ఇవా? లైటు చుట్టూ తిరుగుతుంటే రోజూ చీపురుతో ఊడ్చేస్తున్నామే!" అంది అత్తగారు.

ఒకదాన్ని తీసుకెళ్లి చూపిస్తే, అది పొగాకు లద్దె పురుగని వ్యవసాయాధికారి చెప్పాడు. పేరుకే పొగాకు, దొరికిన పైరునల్లా తింటుందన్నాడు.

అప్పట్నుంచి ఆమె రైతుల్ని ముందు ఆకులు తిరగేసి చూడమనేది. గుడ్ల ముద్ద కనిపిస్తే ఆ ఆకు తుంచి నలిపెయ్యమనేది. యజమానికి ఒళ్లు మండింది.

"మందులమ్మే చోట మందొద్దంటావా?" అని గోదాముకి మార్చేశాడు.

రైతులు అగ్గిపెట్టెలు పట్టుకుని నేరుగా గోదాముకే వెళ్లసాగారు. ఆమె చెప్పాకే కౌంటరుకి వచ్చి, కావలసిందేదో పేరుపెట్టి అడిగేవారు. నెల తిరిగేసరికి యజమాని ఆమెను మళ్లీ ముందుకి పిలిచాడు. ఆమె కౌంటరు దగ్గరికొచ్చి, ఎదురుగా ఉన్న రైతు చేతిలోని అగ్గిపెట్టె అందుకుంది.