మిరపకాయ లేని ఆవకాయ

ఎనభైల మొదట్లో ఒక వేసవిలో, నూజివీడులోని మా వంటింట్లో నాకు కుదురు లేకుండా పోయింది. కారణం చెబితే నవ్వుతారు. మా వారు అన్న ఒక్క మాట.

ఆయన హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. సెలవులు గనక ఆ రోజు తీరిగ్గా భోజనానికి కూర్చున్నారు. అన్నంలో పండుమిరపకాయ పచ్చడి కలుపుకుంటూ, "ఇది మనది కాదు, తెలుసా?" అన్నారు.

పక్కింటివాళ్ళు ఇచ్చారనుకుంటున్నారేమోనని, "నేనే నూరానండీ" అన్నాను.

"పచ్చడి సంగతి కాదోయ్, మిరపకాయ. పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తెచ్చారు. అంతకుముందు మన దేశంలో మిరపకాయన్నదే లేదు."

"మరి బంగాళాదుంప?"

"అదీ అంతే."

"వేరుశెనగ? టమాటా? జామకాయ?"

"అన్నీ బయటినుంచి వచ్చినవే. పొద్దున్నే నువ్వు తాగే కాఫీ కూడా." ఆయన పెరుగన్నం తిని, చెయ్యి కడుక్కుని, పేపరు తీసుకుని పడక్కుర్చీలో కూర్చున్నారు. ఆయన దృష్టిలో ఆ విషయం అక్కడితో అయిపోయింది.

నాకు మాత్రం అప్పుడే మొదలైంది. ఆ మధ్యాహ్నం గిన్నెలు కడగకుండా అలాగే వదిలేసి, అలమారలో డబ్బాలన్నీ ఒక్కొక్కటే మూత తీసి చూశాను. కంది పప్పు, మినుములు, మెంతులు, ధనియాలు, ఎండుమిరపకాయలు. ఉంగుటూరు నుంచి కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి పన్నెండేళ్ళుగా వీటితోనే బతుకుతున్నాను. వీటిలో ఏది ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కనాడూ అడగలేదు. మిరపకాయ లేని ఇంట్లో ఆడవాళ్ళు పొద్దున్నే లేచి ఏం వండేవారు? ఏం నూరేవారు? పచ్చడంటే వాళ్ళకి ఏ రంగు గుర్తొచ్చేది? వంటింట్లోంచి దొడ్లోకీ, దొడ్లోంచి వంటింట్లోకీ తిరుగుతూనే ఉన్నాను.

"ఏంటమ్మాయ్, కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటి?" అన్నారు మా అత్తగారు. విషయం చెప్పాను.

మా అత్తగారి ఆవకాయ గురించి మా వీధి వీధంతా చెప్పుకుంటారు. మామిడికాయ పులుపు నాలుకతో చూడరు. టెంక మీద కత్తి దిగిన చప్పుడు విని చెప్పేస్తారు. ఆవిడ నావైపు జాలిగా చూశారు. "మా అమ్మమ్మ పెట్టింది ఆవకాయ. వాళ్ళమ్మా పెట్టింది. పరాయిదెట్లా అవుతుందే? వాడు చదువుకున్న పుస్తకాల్లో వంటలుండవు" అని అటు తిరిగి పడుకున్నారు.

రెండు వారాలు తిరక్కుండానే పెద్ద కష్టం వచ్చిపడింది. ఆవిడకి నెలల తరబడి కడుపులో మంటగా ఉంటోందట. ఎవరికీ చెప్పకుండా మజ్జిగ తాగి గడిపేస్తున్నారు. ఒక పొద్దున పెరట్లో వాంతి చేసుకుని అక్కడే కూలబడ్డారు. రిక్షాలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పొట్ట నొక్కి చూసి, మందులు రాసి, "పేగులో పుండు పడిందమ్మా. కారం ముట్టుకోకండి. ఊరగాయ పేరెత్తకండి" అన్నారు.

సరిగ్గా ఆవకాయ పెట్టే రోజులు. ఆ ఏడు ఆవిడ పీట మీద కూర్చుని చెబుతుంటే నేను కలిపాను. ఎర్రటి పిండిలో మునిగిన ముక్కల్ని చూసి ఆవిడ చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. వేలు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. ఆవిడ లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, "ఉప్పు సరిపోయిందో లేదో నువ్వే చూడు" అన్నారు. అంతమంది రుచి అడిగే మనిషి, నన్ను అడిగారు.

ఆ తరవాత నెలన్నరపాటు చప్పిడి పప్పు, మజ్జిగన్నం. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని తోసేసేవారు. మనిషి సగమైపోయారు. పుండు కాస్త మానింది, మిరియాలు కొద్దిగా వాడొచ్చని డాక్టరు అన్నాక, నాకు ఒక ఆలోచన తట్టింది. మా ఇంట్లో మిరపకాయ లేకుండా ఏడాదికొక రోజు నిండు వంట చేస్తూనే ఉన్నాం కదా! మా మామగారి తద్దినం రోజున. ఆ రోజు కూరల్లో మిరియాలే. అల్లం పచ్చడి, అరటికాయ, కంద, నువ్వుల పొడి. మిరపకాయ, బంగాళాదుంప, టమాటా గడప తొక్కవు. ఎందుకని అడిగితే పెద్దవాళ్ళు మడి అనేవారు. పోయినవాళ్ళకి మనం పెట్టేది, మిరపకాయ రాకముందు వాళ్ళు తిన్న అన్నమేనేమో! నేను వెతుకుతున్న ఆ పాత వంటిల్లు ఎక్కడో లేదు. ఏటా నా చేత్తోనే వండుతున్నాను.

ఆ ఉత్సాహంలో ముందూ వెనకా చూడలేదు. మర్నాడే అరటికాయ కూరలో మిరియాల పొడి చల్లి, అల్లం పచ్చడి నూరి, కంద వేయించి ఆవిడ ముందు వడ్డించాను. ఆవిడ కంచం వంక చూశారు. తరవాత నావంక చూశారు.

"ఇది తద్దినం వంట."

"మీకు పథ్యానికి మంచిదని, అత్తయ్యగారూ..."

"నేనింకా పోలేదమ్మాయ్" అని, ముద్ద ముట్టుకోకుండా లేచి వెళ్ళిపోయారు.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా వారు మధ్యలో పడి ఏదో చెప్పబోతే ఆయన్నీ కసిరారు. నాకు తలెత్తుకోవాలంటే సిగ్గేసింది. కానీ నిజం చెప్పొద్దూ, సిగ్గు కింద ఆ ప్రశ్న ఇంకా గింజుకుంటూనే ఉంది.

ఆ వారంలోనే బాపులపాడు వైపు తోటలో పనిచేసే ఒకావిడ కాపు చివరి పుల్లమామిడికాయలు తెచ్చింది. ఏటా మాకు కాయలు తెచ్చేది ఆవిడే. వెనక వసారాలో గంప దించి, మంచినీళ్ళు తాగుతుంటే నా గోడు ఆవిడతోనూ వెళ్ళబోసుకున్నాను. మిరపకాయ లేని రోజుల్లో ఏం తినేవారో తెలియడం లేదన్నాను.

ఆవిడ ఫక్కున నవ్వింది. "మీకేమండీ, మిరియాలు కొనుక్కుంటారు. మాకా? రెండు మిరప మొక్కలు గుడిసె పక్కన పాతితే ఏడాదంతా కాస్తాయి. అన్నంలోకి ఏమీ లేనప్పుడు ఉప్పూ పచ్చిమిరపకాయా ఉంటే చాలండి, గిన్నెడు గంజన్నం లోపలికెళ్ళిపోద్ది. ఎక్కడ్నించొస్తే ఏంటండీ? అది లేని రోజున మావాళ్ళు ఏం తిన్నారో తల్చుకుంటేనే నాకు భయమేస్తాది."

ఇన్నాళ్ళూ నా వంటింట్లోంచే చూస్తున్నాను. డబ్బాలున్న ఇల్లు నాది. ఓడ దిగిన ఆ కాయని ఈ దేశం ఎందుకు వాటేసుకుందో, మా వారి పుస్తకాల కంటే సూటిగా ఆవిడ చెప్పేసింది. ఆవిడ వెళ్ళాక రోలు ముందు కూర్చుని ఆ పేర్లే పదే పదే అనుకున్నాను. మిరియం. మిరియపు కాయ. మిరపకాయ. కొత్తగా వచ్చినదానికి పాతదాని పేరే తగిలించారేమో. ఎవరో ఒక ఇల్లాలు, "ఇదీ ఆ మిరియం లాంటిదే" అని ఉంటుంది.

ఆ పుల్లకాయలు కోసి, మిరియాల పొడి, ఆవపిండి, ఉప్పు, నువ్వులనూనె కలిపి చిన్న జాడీలో పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజుకి మూత తీస్తే పైన నురగ, పక్కన తెల్లటి బూజు. వాసనకి మా అత్తగారు వంటింట్లోకి వచ్చారు. జాడీ లాక్కుని చూశారు.

"ఏంటిది?"

"మిరియాల ఆవకాయండి. మీకోసం."

"దీన్ని ఆవకాయంటారా? కారం లేకుండా ఆవకాయేంటి?"

నాకూ ఉక్రోషం వచ్చింది. "ఆవ పెట్టిన కాయ గనక ఆవకాయ. పేరులో మిరపకాయ ఎక్కడుంది, మీరే చెప్పండి!"

ఆవిడ జాడీలోంచి ఒక ముక్క పైకి తీసి వేళ్ళతో నలిపి చూశారు. నాకు చివాట్లు తప్పవనుకున్నాను.

"ముక్కలు తుడవలేదు నువ్వు" అన్నారు చివరికి. "తడి ఉంది. ఉప్పు సగమే వేశావు. కారం తగ్గినప్పుడు ఆవా ఉప్పూ పెంచొద్దూ? పారబొయ్యి. కాయలింకా ఉన్నాయా?"

ఉన్నాయి. ఆవిడ కొంగు బిగించి కత్తిపీట ముందు కూర్చున్నారు. ఆవాలు మళ్ళీ ఎండలో పెట్టించారు. ఒక్కో ముక్కా పొడిబట్టతో తుడిచి నాకందించారు. మిరియాలు మరీ మెత్తగా దంచవద్దన్నారు. మెంతులు ఎన్నో, ఎప్పుడో, చేత్తోనే కొలిచారు. నెలన్నర తరవాత ఆవిడ గొంతులో ఆ పాత గద్దింపు విన్నాను. నన్ను ఆ రోజు నాలుగుసార్లు తిట్టారు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ జాడీ చెడిపోలేదు. వారం తరవాత డాక్టరునడిగి ఒక్క ముక్క వడ్డించాను. గోధుమరంగు ముక్క, నూనె తేలుతూ. ఆవిడ నాకి, కళ్ళు మూసుకుని, "ఘాటు ముక్కులోకి కొడుతోంది. బాగానే ఉంది" అన్నారు. ఆ పూట అన్నం రెండోసారి అడిగారు. కార్తీకం వెళ్ళేసరికి కడుపు కుదుటపడింది. కుదుటపడ్డ మరుక్షణం ఎర్ర ఆవకాయ జాడీకి కట్టిన వాసెన గుడ్డ తానే విప్పుకున్నారు. నెయ్యి వేసుకుని మొదటి ముద్ద తింటుంటే కళ్ళవెంట నీళ్ళు కారాయి. మిరియాల జాడీ వైపు మళ్ళీ చూడలేదు. అది నేను ఒక్కదాన్నే తిని పూర్తిచేశాను.

నేనింక ఆ గొడవ వదిలేద్దామనుకున్నాను. ఒక రోజు పప్పుచారుకి తాలింపు పెడుతుంటే వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"అమ్మాయ్, ఇంగువ మనదేనా?"

"కాదట అత్తయ్యగారూ. కాబూలు వైపునుంచి వస్తుందట."

"అయ్యో. మరి చింతపండు?"

"అదీ ఎక్కడో ఆఫ్రికాలో పుట్టిందంటున్నారు."

ఆవిడ పీట లాక్కుని కూలబడ్డారు. "నెయ్యయినా మనదేనా?" అన్నారు.

"నెయ్యి మనదేనండి."

"నీకు రూఢిగా తెలుసా? వెళ్ళి వాణ్ణి అడుగు."

పొయ్యి తగ్గించి ముందుగదిలోకి నడిచాను.