ఫోనెత్తని దుకాణాలు

పొద్దున్నుంచి ఆమె చేసిన ఫోన్లకు ఒక్క మందుల దుకాణమే పలికింది. గణాంక కార్యాలయంలో ఆమెను ‘సగటమ్మ’ అంటారు. మాట్లాడేముందు కళ్లద్దాలు తుడుచుకుంటుంది, ఎవరేం చెప్పుకున్నా “మొత్తం మీద చూడాలి” అంటుంది. దుకాణాల్లో ఎందరు పనిచేస్తున్నారో నెలనెలా కనుక్కోవడం ఆమె పని. ఫోనెత్తకపోతే బేరాల హడావుడిలో ఉన్నట్టు లెక్క; కిందటి నెల అంకెనే మళ్లీ వేస్తారు. ఈ నెల మహమ్మారి వచ్చి మందుల దుకాణాలు తప్ప అన్నీ మూతపడ్డాయి. తమ్ముడి కుట్టుదుకాణానికీ తాళం పడి, అతను ఆమె ఇంట్లోనే ఉంటున్నాడు. “ఇవన్నీ మూసేశారు సార్” అంది. “ఫోనెత్తనివాడల్లా పోయాడని రాసేస్తామా తల్లీ?” అన్నాడు అధికారి. “మా తమ్ముడిది కళ్లారా చూశాను సార్.” “ఇంటివాళ్ల కబుర్లు లెక్కలోకి రావు. పద్ధతి ప్రకారం వెయ్యి.” వేసింది. తమ్ముడి దుకాణం పేరు ఎదుట కిందటి నెల అంకే: ఐదుగురు పనివాళ్లు.

రాత్రి భోజనాల దగ్గర తమ్ముడు అడిగాడు. “అక్కా, ఉద్యోగాలు ఐదు శాతం పడిపోయిన ప్రాంతాలకే సర్కారు సాయమట. మా దుకాణం కుర్రాళ్లు జీతాల కోసం ప్రాణం తోడేస్తున్నారు. మనకొస్తుందిగా? అంకెలు వండేది నువ్వే, ఇంకో గరిటె ఎక్కువ వెయ్యవే!”

“ముందు తినరా” అంది.

మర్నాడు పత్రికలో వచ్చింది: ఈ ప్రాంతంలో ఉద్యోగాల తగ్గుదల అర శాతం.