రత్నం చేతిలో రెండు తువ్వాళ్ళు

2023, జూలై నెల. గాజువాక మెయిన్ రోడ్డు మీద ఒక షోరూమ్‌లో వాషింగ్ మెషీన్ల సెక్షన్ నాది. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. అంతకుముందు మిక్సీలు, గ్రైండర్లు అమ్మేదాన్ని. మిక్సీ కొనడానికి ఆడవాళ్ళు వస్తారు, వాళ్ళే బేరమాడతారు. వాషింగ్ మెషీన్ దగ్గరికొచ్చేసరికి మొగుడూ పెళ్ళాం కలిసి వస్తారు, మాట్లాడేది మొగుడు. రోజూ బట్టలతో కుస్తీపట్టే ఆవిడేమో బ్యాగు పట్టుకుని వెనకాల నిలబడుతుంది. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకని ఆయన ఏమడిగినా ఆవిడ మొహం చూసి జవాబు చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఒకరిద్దరు మేనేజరుకి ఫిర్యాదు కూడా చేశారు. చేసుకోనీ.

ఆవేళ పొద్దుట్నుంచీ ముసురు. షాపు పల్చగా ఉంది. మల్కాపురం నుంచి ఒక జంట వచ్చారు. అతను అప్పలరాజు, ఓడల మీద కంటైనర్లు కదలకుండా కట్టే పని, ఒక కాంట్రాక్టరు దగ్గర. ఆమె రత్నం, అచ్యుతాపురం వైపు ఒక దుస్తుల కంపెనీలో చెకింగ్ సెక్షన్. అంటే కుట్టి వచ్చిన బట్టలో లోపాలు వెతికే పని. షిఫ్టంతా నిలబడే చెయ్యాలి. వీళ్ళలో నాకు నచ్చిందేమిటంటే, అతను వెనకాల నిలబడ్డాడు, ఆమె ముందుకొచ్చింది.

"ఫుల్ ఆటోమేటిక్ కావాల మేడమ్. అన్నిట్లోకీ తక్కువది సూపించండి."

"పాతదేమైందమ్మా?"

"సచ్చిపోనాది. సెకండేండ్‌లో కొన్నాం. గేర్‌బాక్స్ పోనాది, అడుగు రేకు తుప్పట్టీసినాది, బాగు సేయించడం దండగ అన్నాడు మెకానిక్కు."

మన ఊళ్ళో ఇది మామూలే. సముద్రపు గాలి ముందు మెషీన్ అడుగునే తినేస్తుంది. నేను చవక రకం టాప్ లోడ్ చూపించాను. టాప్ లోడ్ అంటే పైనుంచి బట్టలు వేసే రకం. ఫుల్ ఆటోమేటిక్ కాబట్టి మీట నొక్కి వెళ్ళిపోవచ్చు. నీళ్ళు పట్టడం, ఉతకడం, జాడించడం, పిండడం అన్నీ అదే చేసుకుంటుంది. రత్నం ఆ మూత మీద చెయ్యేసి నిమిరింది. అమ్మకం అయిపోయినట్టేనని నాకు అర్థమైంది. అయినా నా మామూలు ప్రశ్నలు నేను అడిగాను. ఇంట్లో ఎందరు? తామిద్దరూ, అయిదేళ్ళ పాప, అత్తగారు. నీళ్ళు? ట్యాంకు ఉంది. బట్టలెక్కడ ఆరేస్తారు?

"ఇంట్లోనే. మేడ మీద ఆరేత్తే పోర్టు బొగ్గు పొడి పడిపోద్ది మేడమ్, మళ్ళా ఉతకాల. ముందు గదిలో తాళ్ళు కట్టీసినాం."

"మరి ఈ వానల్లో?"

"ఆరవు. అలాగే ఏలాడతాయి. ఆటి కిందే పడుకుంతాం." తర్వాత పాప సంగతి ఎత్తింది. "మా గుంటకి ఆయాసం మేడమ్. ఇంట్లో సెమ్మ ఉండకూడదన్నారు డాక్టరుగారు. గోడలకి బూజు కూడా పట్టీసినాది."

అప్పుడు నేను ఆ టాప్ లోడ్ దగ్గర్నుంచి పక్కకి జరిగాను. వీళ్ళకి కావలసింది బాగా ఉతికే మెషీన్ కాదు, బాగా పిండే మెషీన్. మా భాషలో దాన్ని స్పిన్ అంటాం. డ్రమ్ము గిర్రున తిరిగి బట్టలోని నీళ్ళు బయటికి కొడుతుంది. ఎంత వేగంగా తిరిగితే బట్ట అంత పొడిగా వస్తుంది. కొనేవాళ్ళు ఎన్ని కేజీలని అడుగుతారు, ఎన్ని ప్రోగ్రాములని అడుగుతారు, ఏ రంగులో ఉందని కూడా అడుగుతారు. స్పిన్ సంగతి మాత్రం అడగరు.

ఫ్రంట్ లోడ్‌కి, అంటే ముందు వైపు తలుపుండే రకానికి, ఈ వేగం ఉంటుంది, మనిషి నిలబడక్కర్లేదు కూడా. కానీ దాని ధర చీటీ చూసి రత్నం ఒక అడుగు వెనక్కి వేసింది. వాయిదాల మాట ఎత్తితే అప్పలరాజు మొదటిసారి నోరు విప్పాడు. "ఓడలొత్తే పనుంటాది, లేకపోతే లేదు. కంతులు కట్టలేం మేడమ్." ఇంక నేను ఆ ప్రసక్తి తేలేదు.

మిగిలింది సెమీ ఆటోమేటిక్. రెండు తొట్లు, ఒకదాన్లో ఉతకడం, రెండోదాన్లో పిండడం. అన్నిట్లోకీ చవక. చవకైందనే దాన్ని చిన్నచూపు చూస్తారు గాని, దాని స్పిన్నర్ మామూలు టాప్ లోడ్ కన్నా బాగా వేగంగా తిరుగుతుంది. మాటలతో చెబితే నమ్మరు. షాపు లోపల వెనక వైపు, టీవీల సెక్షన్ పక్కన, నీళ్ళ కనెక్షనుంది. ఒకే జత తువ్వాళ్ళు రెండు తడిపి, ఒకటి టాప్ లోడ్‌లో, ఒకటి సెమీలో పిండి, రత్నం రెండు చేతుల్లో పెట్టాను.

ఆమె కుడిచేతిలోది నొక్కి చూసింది. ఎడమచేతిలోది నొక్కి చూసింది. రోజంతా బట్ట తడిమి చూసే చేతులవి, నేను చెప్పాల్సిన పనేముంది?

"ఇదైతే పూటలో ఆరిపోద్ది," అంది సెమీలోంచి తీసిన తువ్వాలు చూపించి. ఆ వెంటనే మొహం వాడిపోయింది. "కానీ దీని కాడ నిలబడాల గదా మేడమ్?"

నిలబడాలి. నీళ్ళు పట్టాలి, వదలాలి, తడిబట్ట చేత్తో తీసి పక్క తొట్లో వెయ్యాలి, మళ్ళీ జాడించాలి. అబద్ధం చెప్పి అమ్మలేను.

"పొద్దుట్నుంచీ నిలబడే ఉంతాను. కాళ్ళు ఉబ్బిపోతన్నాయి. మళ్ళా ఇంటికెల్లి దీని ముందర నిలబడమంటే నా వల్ల కాదు మేడమ్." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "గుంటకి మంచిదని తెలిసీ వద్దంతన్నాను సూడండి. నాను తల్లినేనా?"

ఏ మెషీన్ ఇచ్చినా ఇద్దరిలో ఒకరికి అన్యాయం చేసినట్టే. పాప ఊపిరా, ఈమె కాళ్ళా?

వెనకాల ఉన్న అప్పలరాజు ముందుకొచ్చాడు. "అదేటే, నాను లేనేటి? నాను నిలబడతాను."

"నువ్వా?" అంది రత్నం.

నేనూ నమ్మలేదు. షోరూమ్‌లో మొగుళ్ళు చాలా మాటలిస్తారు, గాజు తలుపు దాటగానే మరిచిపోతారు. "అయితే బాబూ, ఇక్కడే చేసి చూపించు," అన్నాను కాస్త వెటకారంగానే.

డెమోకి వాడే దుప్పటీ, నాలుగు తువ్వాళ్ళూ తడిపి ఇచ్చాను. అన్నీ కలిపి ముద్దలా స్పిన్నర్లో కుక్కి మీట తిప్పాడు. మెషీన్ దడదడలాడుతూ చోటు కదిలి గోడకి గుద్దుకుంది. "ఓలమ్మో!" అంటూ రత్నం వెనక్కి గెంతింది. పక్కన టీవీలు చూస్తున్న ఒకాయన పకపకా నవ్వాడు. "ఏటి బావా, ఇంటి డ్యూటీ ఎక్కించీసినారేటి?"

అప్పలరాజు చెవులు ఎర్రబడ్డాయి. ఇక ఇతను వెళ్ళిపోతాడు అనుకున్నాను. వెళ్ళలేదు. మీట ఆపి, మూత తీసి, లోపలికి తొంగిచూశాడు.

"ఓడ మీద బరువంతా ఒక పక్కకి ఎట్టీత్తే ఒరిగిపోద్ది. ఇదీ అంతే గదా మేడమ్?"

అని దుప్పటీని గుండ్రంగా చుట్టూ పరిచాడు. తువ్వాళ్ళు రెండు ఇటు, రెండు అటు సర్ది, పైన అణిచే ప్లాస్టిక్ బిళ్ళ పెట్టి మీట తిప్పాడు. మెషీన్ చప్పుడు లేకుండా తిరిగింది. ఎంతోమందికి గొంతు నొప్పెట్టేలా చెప్పినా ఎక్కని సంగతి అది. టీవీలాయన అటు తిరిగిపోయాడు.

రత్నం కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "మరిన్నాళ్ళూ ఏటి సేసేవు?"

"నువ్వు సెప్పనేదు గదా."

"సెప్పాలేటి?"

నేను బిల్లు మీద పడ్డట్టు నటించాను గాని, చెవులు ఇటే పెట్టాను.

మెషీన్ ఇంటికి చేరాక కంపెనీ మనిషి వెళ్ళి వాడే పద్ధతి నేర్పుతాడు. మామూలుగా ఆవిడ నంబరే ఇస్తాం. నేను అప్పలరాజు నంబరిచ్చి, "ఆయన ఇంట్లో లేకపోతే నేర్పకుండా తిరిగొచ్చెయ్," అని ఆ కంపెనీ మనిషికి గట్టిగా చెప్పాను. టాప్ లోడ్ అమ్మితే నాకు ఇన్సెంటివ్ వచ్చేది, సెమీకి రాదు. మేనేజరు ఆ సాయంత్రం మొహం మాడ్చుకున్నాడు.

ఆ చలికాలంలో రత్నం ఒక్కతే వచ్చింది, నీళ్ళు పోయే పైపు చిరిగిందని. అడక్కుండానే చెప్పింది. మగాడు ఆడవాళ్ళ బట్టలు పిండడమేటని అత్తగారు నాలుగు రోజులు అన్నం దగ్గర అలిగిందట. వీధిలో వాళ్ళు నవ్వారట. అతను మానలేదు. తెల్లబట్టల్లో ఎర్ర లంగా వేసి అన్నీ గులాబీరంగు చేశాడు. ఓడ పని తగిలి ఇంటికి రాని రోజుల్లో బట్టలు గుట్టపడతాయి, వచ్చాక విసుక్కుంటూ ఉతుకుతాడు.

"పాప ఎలా ఉంది?"

"ఆయాసం పూర్తిగా పోనేదు మేడమ్. ఇంట్లో సెమ్మ వాసన పోనాది. రాత్రులు పడుకుంతాది." పైపు సంచిలో పెట్టుకుంటూ, ఏదో తప్పు చేసినదానిలా గొంతు తగ్గించింది. "నాను ఇంటికెల్లి కూసుంతన్నాను మేడమ్. ఊరికే కూసుని టీ తాగుతాను. అతను ఉతుకుతాడు."

ఇంటికెళ్ళి కూర్చోవడాన్ని ఆమె నాకు రహస్యంలా చెప్పింది. కోపమూ వచ్చింది, సంతోషమూ వేసింది.

ఇప్పుడు కేజీల లెక్క కంటే ముందు ఇంకో సంగతి అడుగుతున్నాను: ఇంట్లో దీని ముందు నిలబడేదెవరు? చాలామంది మొగుళ్ళు పెళ్ళాం వైపు చూస్తారు, ఆవిడ నేల వైపు చూస్తుంది. అప్పుడు ఒక కుర్చీ లాగి ఆవిడను కూర్చోమంటాను. తడి తువ్వాళ్ళు మాత్రం ఆయన చేతికిస్తాను.