పని మానేసిన తేదీ

భూలక్ష్మి పోయిన నాలుగో నెలలో దేవన్న ఫోనుకి బిడ్డ విజయరాణి ఒక ఫారం పంపింది. బీడీలు చుట్టేవాళ్లకు సర్కారు ఇచ్చే పీఎఫ్ పెన్షన్‌ది. మనిషి పోతే పెనిమిటికి వస్తుందట.

"వివరాలన్ని రాసి సంతకం పెట్టి పంపు బాపూ. కార్ఖానా గుమాస్తా రోజూ అడుగుతుండు" అంది.

దేవన్నకు ఆ పెన్షన్ మీద మనసు లేదు. పెండ్లాం చావుకే పోలేకపోయిన మనిషి. గల్ఫ్‌లో, కూలీలుండే నువైద్రాత్ క్యాంపులో తన మంచం మీద కూర్చుని పాడె లేవడం ఫోన్‌లో చూశాడు. సెలవు దొరికేసరికి పన్నెండో దినం కూడా దాటిపోయింది. ఇంక పోయి ఏం చేస్తానని ఆగిపోయాడు.

అయినా బిడ్డ మాట తీసెయ్యలేక, శుక్రవారం తిండి తిన్నాక ఆ ఫారాన్ని ప్రింటు తీయించుకొచ్చి ముత్యం ముందు పెట్టాడు. ముత్యం అదే గదిలో ఉండే మేస్త్రీ. పది దాకా చదివినవాడు.

పుట్టిన తేదీ ఆధార్ చూసి రాశారు. పెండ్లి తేదీ దగ్గర దేవన్న కాసేపు వేళ్లు మడిచాడు. ఎండలు ముదిరినంక అయిందని తెలుసు, రోజు తెలియదు.

"ఒంటి మీద గుర్తులేమున్నయే అన్నా?"

"చేతి మీద కాలిన మచ్చ ఉంటది."

"ఏ చెయ్యి?"

దేవన్న కళ్లు మూసుకున్నాడు. ఇరవై రెండేళ్లలో రెండేళ్లకోసారి రెండు నెలలు ఇంట్లో ఉన్నాడు. అన్నం వడ్డించే చెయ్యి కనిపించింది గానీ మచ్చ ఎటు పక్కనో తేలలేదు.

"సరే, పనిల ఎప్పుడు చేరింది, ఎప్పుడు మానేసింది?"

"మానేసి పదేండ్లాయె. దగ్గొస్తుందంటే నేనే బంద్ పెట్టిచ్చిన" అన్నాడు దేవన్న. ఆ ఒక్క మాట మాత్రం తడుముకోకుండా వచ్చింది. మచ్చ సంగతి, తేదీలు రాములవ్వకు తెలుస్తాయని ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి అడిగాడు. రాములవ్వది పక్కిల్లు. భూలక్ష్మి పక్కనే కూర్చుని బీడీలు చుట్టిన మనిషి.

"మచ్చ ఎడమ చెయ్యికి తమ్మీ. పనిలకా? నువ్వు ఆ దేశం పోయిన నెలనే వచ్చింది."

"మానేసింది ఎప్పుడక్కా?"





"మానెయ్యలేదు తమ్మీ. దవాఖానకు తీస్కపోయిన దినం పొద్దుగాల కూడా బీడీల చాట ఒళ్లె పెట్టుకుంది. నీకు చెప్పొద్దని నాతోటి, పిల్లతోటి ఒట్టేయించుకుంది."

దేవన్న గోడకు ఆనుకున్నాడు. ప్రతి ఫోన్‌లోనూ అడిగేవాడు, బీడీలు బంద్ చేసినవా అని. ఎన్నడో బంద్ చేసిన అనేది. మరి ఆ దగ్గేందంటే, చలికి అనేది. నమ్మాడు.

"ఎందుకు చేసిందక్కా? నేను పంపుతనే ఉంటి గదా."

"నిన్ను తొందరగ ఇంటికి రమ్మనాలని. ఇద్దరం కష్టపడితే మా ఆయన ఇంక ఆ దేశం పోవుడు ఉండది అనేది."

ముత్యం కలం కింద పెట్టేశాడు. దేవన్న మాత్రం ఫోన్ పెట్టలేదు.

"పొద్దంతా కూసోని ఏం మాట్లాడుకునేటోళ్లు?"

"ఏం మాట్లాడుతం? లెక్క తప్పుతదని నోరు మూసుకోని చుట్టుడే. నీ ఫోనొస్తే మటుకు లేచి బయటకు పోయేది. ఆకు కత్తిరిచ్చే చప్పుడు నీకు ఇనవడుతదని."

ఆ మాటతో దేవన్నకు దుఃఖం ఆగలేదు. పక్క మంచాల వాళ్లు లేచి చూసినా సిగ్గుపడలేదు. ముత్యం నీళ్లిచ్చి, చాలాసేపు భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

పొద్దు వాలాక దేవన్నే ఫారం దగ్గరకు జరిగాడు.

"రాయి ముత్యం. పని మానేసిన తేదీ కాడ, చనిపోయిన తేదీ రాయి."

ముత్యం రాశాడు. కారణం అన్నచోట 'మరణం' అని రాశాడు. దేవన్న ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు. మర్నాడు పొద్దున, ఆ వారమే సెలవు మీద ఊరికి పోతున్న క్యాంపు మనిషి భీమరాజు చేతికి కవరు అప్పగించి, బస్సెక్కి కర్జకాన్ దగ్గరి సైటుకు డ్యూటీకి పోయాడు.